వేరే గ్రహాల మీద జీవం ఉందా? ప్రాబబిలిటీ లెక్క మీరే వేసుకోవడం ఎలా

"ఇన్ని కోట్ల నక్షత్రాలున్నాయి, ఎక్కడో ఒకచోట జీవం ఉండే ఉంటుంది కదా" అని చాలామంది అంటారు. ఆ మాటలో లెక్క సగమే ఉంది, మిగతా సగం కూడా వేసి చూద్దాం, కాగితం పెన్ను చాలు.

ముందు ప్రశ్నని రెండుగా విడగొట్టండి. సూక్ష్మజీవులు ఉన్నాయా అనేది ఒకటి, రేడియో సిగ్నల్ పంపగలిగేవాళ్ళు ఉన్నారా అనేది ఇంకోటి. భూమ్మీద జీవం పుట్టి కనీసం 350 కోట్ల ఏళ్ళు, రేడియో వచ్చి 130 ఏళ్ళు, కాబట్టి రెండిటికీ ఒకే జవాబు రాదు. ఇక్కడ మొదటిదే చూద్దాం.

రెండో పని గుణకారం. 1961లో ఫ్రాంక్ డ్రేక్ అనే ఆస్ట్రానమర్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో ఇలాంటి ఈక్వేషనే రాశాడు. మన గెలాక్సీలో తక్కువలో తక్కువ 10 వేల కోట్ల నక్షత్రాలు, అందులో ఐదింట ఒకదానికి నీళ్ళు నిలవగలిగే గ్రహం ఉందనుకుందాం, అంటే 2 వేల కోట్ల గ్రహాలు. ఇక్కడిదాకా పర్లేదు, 1995 నుంచి సూర్యుడి లాంటి నక్షత్రాల చుట్టూ గ్రహాలు దొరుకుతూనే ఉన్నాయి, కెప్లర్ టెలిస్కోప్ వచ్చాక వేలల్లో దొరికాయి.

ఇప్పుడు అసలు చోటు, ఇక్కడ తొందరపడొద్దు. అలాంటి గ్రహం మీద జీవం మొదలయ్యే ఛాన్స్ ఎంత? లక్షలో ఒకటి అని రాస్తే 2 లక్షల గ్రహాల మీద జీవం ఉన్నట్టు, అదే లక్ష కోట్లలో ఒకటి అని రాస్తే జవాబు 0.02, అంటే గెలాక్సీ మొత్తంలో మనం తప్ప ఇంకెవరూ లేకపోవచ్చు. ఈ రెండిట్లో ఏది కరెక్టో చెప్పే డేటా ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు, నక్షత్రాల సంఖ్య ఎంత పెద్దదైనా ఈ ఒక్క నంబర్ దాన్ని మింగేయగలదు.

"మనం ఉన్నాం కదా" అని దాన్ని సాక్ష్యంగా వేసుకోకండి. జీవం ఎంత అరుదైనా సరే, ఈ ప్రశ్న అడిగేవాళ్ళు జీవం పుట్టిన చోటే ఉంటారు. భూమి పుట్టింది 454 కోట్ల ఏళ్ళ కింద, జీవం త్వరగానే వచ్చిందంటే అది కొంచెం ఆశ కలిగించే విషయమే, కానీ ఆలస్యంగా వచ్చుంటే మనదాకా పరిణామం జరిగే టైమే ఉండేది కాదేమో, అందుకే దానికీ తక్కువ మార్కులే వేయాలి.

తర్వాత, ఏదైనా వార్త వస్తే ఒక్కటే అడగండి: బయట జీవం లేకపోయినా ఇది ఇలాగే కనిపించేదా? 2005లో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి శాంపిల్స్ తెచ్చింది, అందులో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయి, వాటిలో ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. చాలా గొప్ప పని అది. అయితే అవి కింద నుంచి పైకి వెళ్ళినవీ అయ్యుండొచ్చు, బయటినుంచి వచ్చాయని తేలలేదని ఇస్రో కూడా చెప్పింది. కాబట్టి మీ నంబర్ పెద్దగా కదలకూడదు.

నేనైతే సూక్ష్మజీవులు ఉండొచ్చు అనేవైపే మొగ్గుతాను, కానీ "కచ్చితంగా" అనే మాట ఈ లెక్కలోంచి రాదు.

చివరగా, ఏది దొరికితే మీ నంబర్ మారుస్తారో ఇప్పుడే రాసి పెట్టుకోండి. మార్స్ మీద జీవం దొరికినా కొంచెం ఆగాలి, అక్కడి రాళ్ళు భూమ్మీద పడ్డాయి, వాటితో పాటే జీవం ప్రయాణించి ఉంటే అది మన చుట్టమే కావచ్చు. గురుగ్రహం ఉపగ్రహం యూరోపాలో మన జీవంతో సంబంధం లేనిది దొరికితే మాత్రం ఒకే సౌరకుటుంబంలో జీవం రెండుసార్లు పుట్టినట్టు, అప్పుడు లక్ష కోట్లలో ఒకటి అనే అంకెని ధైర్యంగా కొట్టేయొచ్చు.