చెన్నై ఫ్లాటులో పాటను రికార్డు చేసి, మిక్స్ చేయడం ఎలా?

తెలుగు సినిమా పాటలు దశాబ్దాల పాటు రికార్డయిన కోడంబాక్కం, వడపళని వీధుల్లోనే ఈనాడు ఒక లాప్‌టాప్, మైకును దానికి కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు ఉంటే పడకగదిలోనే చక్కని పాట తయారుచేయవచ్చు. అయితే ఖరీదైన మైకు కొనేముందు గదిని సరిచేయాలి; గది తెచ్చిన దోషాన్ని తరువాత ఏ ప్లగిన్ (ధ్వనిని సరిచేసే చిన్న ప్రోగ్రాం) కూడా పూర్తిగా తీయలేదు.

ముందుగా గదిలో నిలబడి చప్పట్లు కొట్టి వినండి. ప్రతిధ్వని ఖంగుమంటే బొంతలు, పరుపు, బట్టలతో నిండిన బీరువా అక్కరకు వస్తాయి. కార్డియాయిడ్ మైకు తన ముందువైపు ధ్వనినే ఎక్కువగా గ్రహిస్తుంది కనుక, గాయని వెనుక గోడకు తగిలి తిరిగివచ్చే శబ్దమే పాటలో ఎక్కువగా కలుస్తుంది. అందుచేత బొంతలను ముఖ్యంగా ఆమె వెనుకనే వేలాడదీయాలి. గోడలకు గుడ్ల అట్టలు అంటించే శ్రమ వృథా.

ఫ్యాను, ఏసీ ఆపక తప్పదు. చెన్నై ఉక్కలో అది కష్టమే కాబట్టి గదిని ముందే చల్లబరచి, ఒక్కొక్క చరణాన్ని విడిగా, వీధి సద్దుమణిగిన రాత్రివేళ పాడించుకోవాలి. సముద్రపు తేమ మైకుకు మంచిది కాదు. పని ముగిశాక దానిని సిలికా జెల్ పొట్లాలతో మూత బిగిసే డబ్బాలో భద్రపరచాలి.

మైకును నోటికి జానెడు దూరంలో, మధ్యలో ప, బ వంటి అక్షరాల గాలి తాకిడిని ఆపే పాప్ ఫిల్టర్‌తో నిలిపి, ఇంటర్‌ఫేస్‌లో కండెన్సర్ మైకు పనిచేయడానికి కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇవ్వండి. రికార్డింగ్ నాణ్యతగా 24 బిట్ ఎంచుకొని, పాటలో అన్నిటికన్నా బిగ్గరగా పాడే పంక్తిని పాడించి, మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే స్థాయి) సరిచేయండి. గాయనికి తన గొంతు హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వినిపిస్తే బఫర్‌ను (కంప్యూటర్ ఒక్కోసారి తీసుకునే ధ్వని ముక్క పరిమాణాన్ని) 128 శాంపిళ్లకు తగ్గించండి.

మిక్సింగ్‌లో (రికార్డయిన గొంతును, వాద్యాలను కలిపి సరిచేయడంలో) మొదట గొంతులో 80 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న లోతైన మోతను హైపాస్ ఫిల్టర్‌తో తీసేయండి. కరెంటు హమ్ మాత్రం దీనితో పోదు. 50 హెర్ట్జ్‌తోపాటు 100, 150 దగ్గర కూడా అది ఉంటుంది కనుక, రికార్డింగ్‌కు ముందే ఎర్తింగ్‌ను, కేబుళ్లను చూసుకోవాలి.

తెలుగు పాటలో నేను ఎక్కువ సమయం వెచ్చించేది పదాంతాల మీద. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. పంక్తి చివర ఊపిరి తగ్గేకొద్దీ ఆ అచ్చు మృదంగం కింద మునిగిపోయి, ‘రాముడు’లోని ‘డు’ వినేవారికి అందదు. నేరుగా కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గులను తగ్గించే సాధనం) వేస్తే పదాంతంతోపాటు ఊపిరి చప్పుడు, గది శబ్దం కూడా పైకి వస్తాయి. కాబట్టి ముందుగా ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా, పాట నడిచేకొద్దీ శబ్దాన్ని దానంతటదే మార్చే వాల్యూమ్ ఆటోమేషన్‌తో రెండు మూడు డెసిబెల్స్ పెంచి, తరువాతే 3:1 నిష్పత్తిలో కంప్రెసర్‌ను తేలికగా వాడాలి. ‘స’ వంటి అక్షరాల బుసను తగ్గించే డీఎస్సర్‌తోనూ జాగ్రత్త అవసరం. మితిమీరితే శ, స, ష ఒకేలా వినిపిస్తాయి, ఉచ్చారణ కోసం గాయని పడిన శ్రమంతా పోతుంది.

గొంతుకు హాలులాంటి ప్రతిధ్వనిని చేర్చే రివర్బ్‌కు 20 నుంచి 30 మిల్లీసెకన్ల ప్రీ డిలే (ప్రతిధ్వని మొదలయ్యేముందు విరామం) ఇస్తే హల్లులు స్పష్టంగా నిలుస్తాయి. చివరగా ట్రూ పీక్ (ధ్వని అసలు గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డెసిబెల్ దాటకుండా, శబ్దాన్ని హద్దులో ఉంచే లిమిటర్ పెట్టి, మర్నాడు చెవులు తేటపడ్డాక ఫోన్ స్పీకరులో చిన్న శబ్దంతో వినండి. సాహిత్యంలో ఏ మాట అందకపోతే ఆ మాట దగ్గరకే తిరిగి వెళ్లి, ఆటోమేషన్‌ను మరోసారి సరిచేయండి.