ఎమ్సా జెల్‌లో బ్యాండ్ షిఫ్ట్ రావట్లేదా, ముందు ఇవి చూస్కోండి

తార్నాక, హబ్సిగూడ వైపు హాస్టళ్ళలో ఉండే ఎంఎస్సీ పిల్లలది ప్రాజెక్ట్ టైమ్ రాగానే ఒకటే లొల్లి, అక్కా ప్రోటీన్ మంచిగనే ప్యూరిఫై అయ్యింది కానీ ఎమ్సాలో షిఫ్ట్ రావట్లేదు, ప్రోటీన్ చచ్చిపోయిందా అని. పది మందిలో తొమ్మిది మందిది ప్రోటీన్ తప్పు కాదు, జెల్ తప్పో బఫర్ తప్పో. అందుకే ఒకసారి మొత్తం రాసి పెడుతున్నా.

ఎమ్సా అంటే సింపుల్, ప్రోటీన్ డీఎన్ఏని పట్టుకుందా లేదా జెల్‌లో చూసే పరీక్ష. డీఎన్ఏ ముక్క ఒక్కటే ఉంటే జెల్‌లో గబగబా కిందికి పోతది, ప్రోటీన్ దాన్ని పట్టుకుంటే నెత్తిన మూట పెట్టుకున్నోడిలా వెనకబడి పైనే ఆగుతది, అదే షిఫ్ట్. 1981లో రెండు గ్రూపులు విడివిడిగా ఈ పద్ధతి రాశాయి, ఇప్పటికీ ఇదే వాడుతున్నాం.

ఉదాహరణకి సాల్మొనెల్లాలోని ఫో-పీ అనే ప్రోటీన్ తీసుకుందాం. వానాకాలం వస్తే మన దగ్గర ఇంటికొకరు టైఫాయిడ్ టైఫాయిడ్ అంటారు కదా, ఆ కుటుంబం బ్యాక్టీరియానే. మన మాక్రోఫేజ్ కణం దాన్ని మింగి ఒక సంచిలో పెడితే అక్కడ యాసిడ్, యాంటీమైక్రోబియల్ పెప్టైడ్లు ఉంటాయి, వాటిని బ్యాక్టీరియా పొర మీదున్న ఫో-క్యూ అనే సెన్సార్ ప్రోటీన్ పసిగట్టి ఫో-పీకి ఫాస్ఫేట్ అందిస్తది, మెగ్నీషియం తక్కువైనా అంతే. ఫో-పీ పోయి డీఎన్ఏ మీద కూర్చుని బతకడానికి కావాల్సిన జీన్లు ఆన్ చేస్తది. అందులో మెగ్నీషియం లోపలికి లాగే ఎమ్‌జీటీ-ఏ ఒకటి, దాని ప్రమోటర్‌లో, అంటే జీన్ ముందుండే స్విచ్ భాగంలో, ఫో-పీ కూర్చునే ఫో-పీ బాక్స్ ఉంటది, మన ప్రోబ్, అంటే జెల్‌లో చూసే డీఎన్ఏ ముక్క, అదే. ఈ పనికి బతికున్న సాల్మొనెల్లా అక్కర్లేదు, ఫో-పీ జీన్‌ని ఈ.కోలైలో పెట్టి, నికెల్‌కి అతుక్కునే హిస్ ట్యాగ్ తోకతో ప్రోటీన్ తీస్తే చాలు.

నికెల్ కాలమ్ నుంచి వచ్చిన ప్రోటీన్‌ని డైరెక్ట్‌గా వాడకండి, కాలమ్ నుంచి ప్రోటీన్ దింపడానికి వాడిన ఇమిడజోల్, ఎక్కువ ఉప్పు ఉంటే బైండింగ్ పాడవుతది, రాత్రంతా డయాలసిస్ పెట్టండి. డయాలసిస్ బఫర్‌లో అలవాటుగా ఈడీటీఏ వేస్తారు కదా, ఇక్కడ వేయకండి. ఫాస్ఫేట్ ఎక్కాలంటే మెగ్నీషియం కావాలి, దాన్ని ఈడీటీఏ పట్టేసుకుంటది. ఫో-పీ ఫాస్ఫేట్ లేకుండా కూడా కొంచెం అతుక్కుంటది, కానీ ఇలా ఫాస్ఫేట్ ఎక్కితే పనిచేసే చాలా ప్రోటీన్లకి (రెస్పాన్స్ రెగ్యులేటర్లు) ముందు ఫాస్ఫేట్ ఇచ్చే అసిటైల్ ఫాస్ఫేట్‌తో 37 డిగ్రీల్లో అరగంట పెడితే తేడా తెలుస్తది, 20 మిల్లీమోలార్‌తో మొదలుపెట్టి చూడండి.

ఇప్పుడు లెక్క, ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. 180 బేస్ పెయిర్ల ప్రోబ్ 50 నానోగ్రాములు 20 మైక్రోలీటర్లలో వేస్తే సుమారు 21 నానోమోలార్. ఫో-పీ దాదాపు 26 కిలోడాల్టన్లు, కాబట్టి అదే 20 మైక్రోలీటర్లలో 1 మైక్రోమోలార్ కావాలంటే 520 నానోగ్రాములు. ప్రోటీన్ లేని ట్యూబ్ ఒకటి, తర్వాత 0.25, 0.5, 1, 2, 4 మైక్రోమోలార్, ఇలా మెట్లు మెట్లుగా పోండి. ఒక్కటే డోస్ వేసి షిఫ్ట్ రాలేదు అంటే నేనేం చెప్పాలి చెప్పండి.

బైండింగ్ బఫర్‌లో 20 మిల్లీమోలార్ ట్రిస్, 50 పొటాషియం క్లోరైడ్, 5 మెగ్నీషియం, 1 డీటీటీ, 5 శాతం గ్లిసరాల్, కొంచెం బీఎస్ఏ. రూమ్ టెంపరేచర్‌లో 20 నిమిషాలు.

కంట్రోల్ సంగతి కొంచెం ఎక్కువ చెప్తా. రేడియోయాక్టివ్ ప్రోబ్ అయితే ప్రోటీన్ ఊరికే అతుక్కోకుండా ఆపే కృత్రిమ డీఎన్ఏ పాలీ డీఐ-డీసీ వేస్కోవచ్చు, కానీ మనలాగా ఎథీడియంతో రంగేసేవాళ్ళకి అది కూడా మెరిసి లేన్ అంతా మసకైపోతది. నేను చేసేదేంటంటే అదే ట్యూబ్‌లో ఫో-పీతో సంబంధం లేని 16ఎస్ జీన్ లోపలి 100 బేస్ పెయిర్ల ముక్క కూడా వేస్తా, ప్రోటీన్ పెంచుకుంటూ పోతే ప్రమోటర్ ముక్క మాత్రమే మాయమై పైకి వెళ్ళాలి, 100 ముక్క కదలకుండా అక్కడే ఉండాలి. రెండూ కలిసి కదిలితే మీ ప్రోటీన్ దొరికిన డీఎన్ఏనల్లా పట్టుకుంటున్నట్టే, ఉప్పు కొంచెం పెంచండి.

జెల్ 5 శాతం నేటివ్ అక్రిలమైడ్, అర రెట్టు టీబీఈ బఫర్. ఎస్‌డీఎస్ ఉన్న డై పొరపాటున కూడా ముట్టొద్దు, ప్రోటీన్ అక్కడికక్కడే ఖతం. గ్లౌజులు తీయకండి, గట్టిపడకముందు అక్రిలమైడ్ నరాలకి మంచిది కాదు. శాంపిల్ వేసేముందు అరగంట ఖాళీగా రన్ చేయండి. ఈ జెల్‌లో డై రంగులు చూస్తే, బ్రోమోఫినాల్ బ్లూ 65 బేస్ పెయిర్ల దగ్గర, జైలీన్ సయనోల్ 260 దగ్గర నడుస్తాయి, మీ ప్రోబ్ రెండిటి మధ్యలో ఉంటది కాబట్టి అంచనా వేస్కోవచ్చు.

వోల్టేజ్ 100 దాటొద్దు, వీలైతే కోల్డ్ రూమ్‌లో నడపండి. నేను ఒక మే నెలలో చివరి మెట్రో పట్టుకోవాలని 200 పెట్టేసి బయట బెంచ్ మీద రన్ చేశా, జెల్ వేడెక్కి ప్రోటీన్ మధ్యలోనే వదిలేసింది, బ్యాండ్ బదులు పైనుంచి కిందికి పాలు ఒలికినట్టు ఒక గీత. మెట్రో కూడా పోయింది, ఆటోకి 300 అయ్యింది.

మీ జెల్‌లో అలాంటి మసక గీత ఉంటే వేడి, లేకపోతే బలహీనమైన బైండింగ్. డీఎన్ఏ మొత్తం శాంపిల్ వేసే బావి దగ్గరే ఇరుక్కుంటే ప్రోటీన్ గడ్డకట్టింది, ముందు పదినిమిషాలు ఫుల్ స్పీడ్‌లో సెంట్రిఫ్యూజ్ చేసి పైది వాడండి. బ్యాండ్లు అసలు కదలకపోతే అసిటైల్ ఫాస్ఫేట్ పాతదేమో చూడండి, అది నీళ్ళలో కలిపాక నిలవదు, ఎప్పటికప్పుడు చేస్కోవాలి.

మిగిలిన ప్రోటీన్‌ని చిన్న చిన్న ట్యూబుల్లో గ్లిసరాల్‌తో మైనస్ 80లో దాచండి, ఒకసారి కరిగించింది మళ్ళీ ఫ్రీజ్ చేయకండి, కరెంట్ పోయిన రోజు మాత్రం ఆ ఫ్రీజర్ డోర్ ఎవ్వర్నీ తెరవనివ్వకండి.