పాలసీలో డబ్బు తీశాక 1099-ఆర్ వచ్చిందా? తేడా ఎక్కడుందో ఇలా చూడండి

అమెరికాలో హోల్ లైఫ్, ఐయూఎల్ (ఇండెక్స్డ్ యూనివర్సల్ లైఫ్) లాంటి, లోపల పొదుపు కూడా పోగయ్యే జీవిత బీమా పాలసీలు అమ్మేటప్పుడు "ట్యాక్స్ లేకుండా ఎప్పుడైనా డబ్బు తీసుకోవచ్చు" అంటారు. అది కొన్ని షరతుల మీదే నిజం. ఆ షరతులు తప్పితే మరుసటి ఏడాది మొదట్లో బీమా కంపెనీ నుంచి 1099-ఆర్ ఫారం, అంటే పాలసీలోంచి మీకు వచ్చిన డబ్బు చూపించే ట్యాక్స్ కాగితం, వస్తుంది. కంగారు పడేముందు ఒక్క అంకె తెలుసుకోండి: కాస్ట్ బేసిస్. ఇప్పటిదాకా కట్టిన ప్రీమియంల నుంచి, మీకు నగదుగా వచ్చిన డివిడెండ్లు, ట్యాక్స్ పడకుండా గతంలో తీసుకున్న డబ్బు తీసేస్తే మిగిలేది అదే. కింద చెప్పేవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

సమస్య: కట్టిన డబ్బులోంచే కొంత తీసుకున్నాను, ట్యాక్స్ సాఫ్ట్‌వేర్ మొత్తానికీ ట్యాక్స్ వేస్తోంది

కారణం: ఫారంలో బాక్స్ 2ఎ ఖాళీగా ఉండి 2బి లో టిక్ ఉందేమో చూడండి. ట్యాక్స్ పడే భాగం ఎంతో కంపెనీ తేల్చలేదని దాని అర్థం. మామూలు పాలసీలో ముందు మీ బేసిసే బయటికొస్తుంది, లాభం ఆ తర్వాతే. 40,000 డాలర్లు కట్టి 25,000 తీస్తే సాధారణంగా ట్యాక్స్ సున్నా. మొదటి 15 ఏళ్లలో డెత్ బెనిఫిట్ (చనిపోతే వచ్చే బీమా మొత్తం) తగ్గించి డబ్బు తీస్తే మాత్రం లాభం ముందు లెక్కకు రావచ్చు.

పరిష్కారం: బేసిస్ ఎంతో కంపెనీ నుంచి కాగితం మీద తెప్పించుకోండి. ట్యాక్స్ రిటర్న్ ఫారం 1040 లో 5ఎ లైన్‌లో మొత్తం, 5బి లైన్‌లో ట్యాక్స్ పడే భాగం రాయాలి.

సమస్య: పాలసీ ల్యాప్స్ (రద్దు) అయింది, చేతికి పైసా రాలేదు, 1099-ఆర్ లో మాత్రం 50,000 డాలర్ల ఆదాయం ఉంది

నన్ను నిజంగా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది, ట్యాక్స్ మాత్రం ఇప్పుడు కట్టాలి.

కారణం: మామూలు పాలసీ మీద తీసుకున్న లోన్‌కి, పాలసీ నడుస్తున్నంత కాలం ట్యాక్స్ ఉండదు. వడ్డీ కట్టకపోతే అది లోన్‌లోనే కలుస్తూ, చివరికి క్యాష్ వాల్యూ (పాలసీలో పోగైన డబ్బు) మొత్తాన్నీ మింగేస్తుంది. అక్కడితో పాలసీ ల్యాప్స్. ఆ లోన్‌ని మీ క్యాష్ వాల్యూతోనే తీర్చారు కాబట్టి, ఆ డబ్బు మీకు ముట్టినట్టే లెక్క. 90,000 క్యాష్ వాల్యూ, 40,000 బేసిస్ అయితే తేడా 50,000. దీనికి క్యాపిటల్ గెయిన్ రేటు కాదు, జీతం మీద పడే రేటే పడుతుంది.

పరిష్కారం: ల్యాప్స్ కాకముందు గ్రేస్ పీరియడ్ నోటీసు వస్తుంది, దాన్ని దయచేసి పక్కన పడేయకండి. లోన్‌లో కొంతైనా కట్టి పాలసీని నిలబెట్టండి. ఇప్పటికే ల్యాప్స్ అయితే రీఇన్‌స్టేట్ చేస్తారా (మళ్లీ అమల్లోకి తెస్తారా) అని వెంటనే అడగండి, కుదరకపోతే వాళ్లు వేసిన బేసిస్ మీ ప్రీమియం రికార్డులతో సరిపోయిందో లేదో చూడండి. తప్పుంటే సరిచేసిన 1099-ఆర్ అడగాలి. ఒకేసారి కట్టలేకపోతే ఫారం 9465 తో ఐఆర్ఎస్‌ని (అమెరికా పన్నుల శాఖని) వాయిదాలు అడగవచ్చు.

సమస్య: లోన్ తీసుకున్నందుకే ట్యాక్స్, పైగా 10 శాతం పెనాల్టీ

కారణం: మీ పాలసీ మెక్ అయిపోయింది, అంటే మోడిఫైడ్ ఎండోమెంట్ కాంట్రాక్ట్. మొదటి 7 ఏళ్లలో పరిమితికి మించి ప్రీమియం కడితే ఇలా అవుతుంది. మెక్‌లో లాభమే ముందు బయటికొస్తుంది, లోన్ కూడా డబ్బు తీసినట్టే లెక్క. వయసు 59½ దాటకపోతే ట్యాక్స్ పడే భాగం మీద సాధారణంగా 10 శాతం అదనం.

పరిష్కారం: ఎక్కువ కట్టినది ఆ పాలసీ సంవత్సరం ముగిసిన 60 రోజుల్లోపు వడ్డీతో సహా కంపెనీ తిరిగి ఇచ్చేస్తే మెక్ కాకుండా ఆగుతుంది. ఆ గడువు దాటితే పాలసీ మెక్‌గానే ఉండిపోతుంది. అందుకే పెద్ద మొత్తం కట్టేముందే "దీనితో మెక్ అవుతుందా?" అని కంపెనీని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

సమస్య: ఐఆర్ఎస్ నుంచి సీపీ2000 నోటీసు (మీ రిటర్న్‌కీ వాళ్ల దగ్గరున్న లెక్కకీ పొంతన లేదనే ఉత్తరం) వచ్చింది

కారణం: 1099-ఆర్ కాపీ ఐఆర్ఎస్‌కీ వెళ్తుంది. మీ రిటర్న్‌లో అది కనపడలేదు.

పరిష్కారం: నోటీసులో ఉన్న తేదీలోపు జవాబివ్వండి. వాళ్ల లెక్క తప్పయితే ఒప్పుకోవడం లేదని టిక్ పెట్టి, బేసిస్ లెటర్ జతచేయండి. బాక్స్ 7 లో కోడ్ 6 ఉంటే అది 1035 ఎక్స్ఛేంజ్, అంటే పాత పాలసీ విలువ నేరుగా కొత్త పాలసీలోకి వెళ్లింది. మామూలుగా దానికి ట్యాక్స్ ఉండదు, అయినా రిటర్న్‌లో చూపించాలి.