తుంటి విరిగిన పెద్దవారు మంచం పట్టకుండా చూసుకోవడం ఎలా

తుంటి ఎముకకు శస్త్రచికిత్స జరిగి ఒక పెద్దాయనో పెద్దావిడో వృద్ధుల సంరక్షణ కేంద్రానికి తిరిగి వచ్చినప్పుడు, ఎక్స్‌రే కంటే ముందు తెలుసుకోవలసినది ఎముక విరగక ముందు వారు ఏ పనులు సొంతంగా చేసుకునేవారన్న సంగతి. వాకర్ పట్టుకుని నడిచేవారికీ, అప్పటికే చక్రాల కుర్చీకి పరిమితమైనవారికీ ఒకే లక్ష్యం పెట్టుకోవడం సరికాదు. చాలామంది విషయంలో, ఒకరి సాయంతో మంచం మీద నుంచి కుర్చీలోకీ, అక్కడి నుంచి మరుగుదొడ్డికీ వెళ్లగలిగితే అదే పెద్ద విజయం. ఈ గాయం ప్రాణాంతకం కావచ్చు కూడా: అమెరికాలోని ఇలాంటి కేంద్రాలపై 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, తుంటి విరిగినవారిలో మూడో వంతుకు పైగా 6 నెలల్లోపే మరణించారు. ఈ సంగతి కుటుంబానికి మొదట్లోనే మెల్లగా చెప్పడం మంచిది.

సర్జన్ వద్దనకపోతే శస్త్రచికిత్స మరుసటి రోజు నుంచే లేపి కూర్చోబెట్టాలి, నిలబెట్టాలి. పడుకున్న ప్రతి రోజూ కండ బలం తగ్గుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, మడమల మీదా పిరుదుల మీదా పుండ్లు పడతాయి. వాకర్‌తో నడిపించేటప్పుడు ముందు వాకర్, తరువాత ఆపరేషన్ జరిగిన కాలు, ఆపైన బాగున్న కాలు కదలాలి. కీలు మార్చినవారు కాలు మీద కాలు వేసుకోకూడదని, తక్కువ ఎత్తు కుర్చీలో కూర్చోకూడదని కొందరు సర్జన్లు చెబుతారు. ఈ నియమాలు ఆపరేషన్ పద్ధతిని బట్టి మారతాయి కనుక రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

నొప్పి తగ్గకుండా వ్యాయామం సాగదు. మతిమరుపు వ్యాధి ఉన్నవారు నొప్పి అని నోటితో చెప్పలేకపోవచ్చు. ముఖం చిట్లించడం, మూలగడం, ముట్టుకుంటే చేయి తోసేయడం వారి భాష. అడిగినప్పుడే ఇద్దామని చూస్తే వారికి మందు అందనే అందదు కాబట్టి, వైద్యుడు రాసిన మందును వేళ ప్రకారం, వీలైతే వ్యాయామానికి కొంత ముందుగా ఇవ్వాలి. అయితే బలమైన నొప్పి మందులు మలబద్ధకాన్నీ మగతనూ తెస్తాయి. ఉన్నట్టుండి తికమకపడుతున్నా, రాత్రి పగలు తారుమారైనా వయసు మీద నెట్టేయకుండా ఇన్‌ఫెక్షన్, మూత్రం నిలిచిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం వంటి కారణాలు వెతకాలి. మతిమరుపు ఉన్నంత మాత్రాన వ్యాయామం వృథా అనుకోవడం, నా దృష్టిలో, వారికి జరిగే పెద్ద అన్యాయం.

ఆహారంలో మాంసకృత్తులు పెంచాలి. మూత్రపు గొట్టాన్ని అవసరం తీరగానే తీయించాలి.

పిక్క వాచినా, ఊపిరి ఆడకపోయినా, గాయం నుంచి చీము కారినా, కాలు హఠాత్తుగా పొట్టిదై పక్కకు తిరిగినా వెంటనే వైద్యుణ్ణి పిలవాలి.

చివరగా, ఈ హడావుడిలో ఎక్కువగా మరుగున పడేది ఎముకల బలహీనతకు చికిత్స. ఒకసారి తుంటి విరిగినవారికి మరో ఎముక విరిగే ముప్పు ఎక్కువ కనుక విటమిన్ డి, కాల్షియంతో పాటు ఎముకను గట్టిపరిచే మందు అవసరమా అని, నిద్రమాత్రల వంటి తూలించే మందులు మానవచ్చా అని మొదటి తనిఖీలోనే వైద్యుణ్ణి అడగాలి.