పెరటి గచ్చు మీద ఇనుప పందిరి: గాలికి లేవకుండా నిలబెట్టే పద్ధతి

దుకాణాలవారు ఇప్పుడు పెర్గోలా అంటున్నది మనకు కొత్త వస్తువేమీ కాదు. వేసవి వస్తే తాటాకులతోనో కొబ్బరి మట్టలతోనో పెరట్లో వేసుకునే చలువ పందిరికే ఇనుప కాళ్ళు వచ్చాయి. అయితే పెనుగాలి వీచినప్పుడు తాటాకు పందిరి తాను చెదిరి గాలికి దారి ఇస్తుంది గానీ, ఇనుప పందిరి చెదరదు; పైన రేకులో పాలీకార్బొనేటు షీట్లో ఉంటే కాళ్ళతో సహా లేస్తుంది. మా కావలి ఇంటి పెరట్లో మొదట వేయించిన పందిరికి 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు ఇదే జరిగింది. ఒక్క వెల్డింగు కూడా ఊడలేదు. బోల్టులు మాత్రం గ్రానైటు ముక్కలను పట్టుకొని గచ్చులోంచి బయటికి వచ్చాయి. రెండోసారి వేయించేటప్పుడు నేర్చుకున్న సంగతులను ఇక్కడ వివరిస్తున్నాను.

పందిరి అనగానే దాని బరువును కాళ్ళు మోయగలవా అన్న ఆలోచనే ముందు వస్తుంది. మన తీరంలో అసలు ప్రశ్న అది కాదు, దాన్ని నేలకు పట్టి ఉంచే బరువు ఎంత అన్నది. కట్టడాల మీద గాలి భారాన్ని లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం నెల్లూరుకు ప్రాథమిక గాలి వేగాన్ని సెకనుకు 50 మీటర్లుగా, అంటే గంటకు 180 కిలోమీటర్లుగా చూపుతుంది. ఆ వేగానికి చదరపు మీటరు మీద పడే ఒత్తిడి ఇంచుమించు 150 కిలోల బరువుతో సమానం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న పందిరి పైకప్పు 11 చదరపు మీటర్ల పైచిలుకు కాబట్టి, పూర్తిగా మూసిన కప్పు అయితే మోటు లెక్కన దాన్ని పైకి లాగే బలం 1,700 కిలోలకు చేరవచ్చు. నాలుగు కాళ్ళకు పంచితే ఒక్కో కాలికి 425 కిలోలు. వాసాలు మాత్రమే ఉండి పైన మల్లెతీగో కాగితపుపూల తీగో పాకే పందిరికి ఇంత లాగుడు ఉండదు గానీ, ఈరోజు తీగల పందిరిగా మొదలైనది రెండేళ్ళకు రేకుల పందిరి కావడం మన ఇళ్ళలో మామూలే గనుక పెద్ద లెక్కనే పట్టుకోవడం మంచిది.

ఇప్పుడు గచ్చు సంగతి చూద్దాం. చీమకుర్తి గ్రానైటు గానీ నాపరాళ్ళు గానీ పరిచిన గచ్చు చూడడానికి కొండంత గట్టిగా కనిపిస్తుంది, కానీ దాని కింద ఉండేది రెండు అంగుళాల మాలు, నాలుగు అంగుళాల కంకర సిమెంటు మాత్రమే. అందులో ఫాస్టనర్లు (బిగింపు బోల్టులు) దిగగొట్టి, కాలి అడుగున ఉండే ఇనుప బేస్ ప్లేటును బిగిస్తే, ఆ బోల్టు పట్టుకున్నది ఒక పలకనే తప్ప భూమిని కాదు. గచ్చు కింద కనీసం ఆరు అంగుళాల మందం ఉన్న, ఇనుము వేసిన కాంక్రీటు స్లాబు ఉందని తెలిసినప్పుడే డ్రిల్లు వేసి కెమికల్ యాంకర్లు, అంటే రంధ్రంలో జిగురు మందు నింపి అతికించే రాడ్లు, వాడాలి. అప్పుడు కూడా 12 మిల్లీమీటర్ల రాడ్డుకు 14 మిల్లీమీటర్ల రంధ్రం 110 మిల్లీమీటర్ల లోతు వరకు వేసి, పొడిని ఊది, బ్రష్షుతో రుద్ది, మళ్ళీ ఊదిన తరువాతే మందు నింపాలి. రంధ్రంలో దుమ్ము మిగిలితే మందు కాంక్రీటును కాక దుమ్మును పట్టుకుంటుంది. మిగిలిన అన్ని సందర్భాలలోనూ కాళ్ళు వచ్చే నాలుగు చోట్ల గచ్చును కోయించి పునాది గుంతలు తీయించడం తప్ప వేరే మార్గం లేదు.

ఘనపుటడుగు కాంక్రీటు సుమారు 68 కిలోలు తూగుతుంది. రెండడుగుల చదరాన రెండున్నర అడుగుల లోతు గుంతలో పది ఘనపుటడుగులు పడతాయి గనుక ఆ దిమ్మె బరువు 680 కిలోలు. ఎర్రనేలలకు, మెట్ట ప్రాంతాలకు ఇది సరిపోతుంది. సముద్రానికి దగ్గరగా, ఇసుక నేలల్లో ఉండేవారు మాత్రం మరొక విషయం గమనించాలి. తుఫాను నాటికి అక్కడ భూగర్భజలం దాదాపు నేలమట్టానికి వస్తుంది, నీటిలో మునిగిన కాంక్రీటు తన బరువులో 40 శాతం దాకా కోల్పోతుంది. అంటే 680 కిలోల దిమ్మె సరిగ్గా అవసరమైన రోజున 400 కిలోల దిమ్మెగా మిగులుతుంది. అందుచేత అటువంటి చోట గుంతను రెండున్నర అడుగుల చదరానికి, మూడడుగుల లోతుకు పెంచాలి. ఇసుక గట్లు జారిపోకుండా చెక్కలు అడ్డుపెట్టాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో చిక్కు వేరు. వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీసే ఆ నేల లోతులేని దిమ్మెను ఏడాదికొకసారి కదిలిస్తుంది కాబట్టి, కనీసం నాలుగడుగులు దిగి, అడుగున అరడుగు ఇసుక పరిచి తడిపి దిమ్మిస కొట్టించాలి. ఏ నేలలోనైనా గుంత అడుగు భాగాన్ని కొంచెం వెడల్పుగా తీయిస్తే పైనున్న మట్టి బరువు కూడా మనకు కలిసివస్తుంది.

గుంతలు తీయకముందే కొలతలు సరిచూసుకోవాలి. ఒక మూల నుంచి ఒక వైపు 9 అడుగులు, రెండో వైపు 12 అడుగులు గుర్తుపెట్టి, ఆ గుర్తుల మధ్య దూరం 15 అడుగులు వచ్చేదాకా దారాన్ని జరిపితే మూలమట్టం కుదురుతుంది. నాలుగు కాళ్ళ గుర్తులూ పెట్టాక ఐమూల కొలతలు రెండూ సుమారు 15 అడుగుల ఏడున్నర అంగుళాలు రావాలి. బేల్దారి మేస్త్రి కంటిచూపుతో సరిపోయిందన్నా టేపు పెట్టే చూడాలి, ఎందుకంటే కింద అంగుళం తేడా పైన దూలం రంధ్రాలు కలవని చోట బయటపడుతుంది.

ఒక్కో గుంతలో ఇనుప చువ్వలతో కట్టిన చిన్న బుట్ట పెట్టి, అడుగున కొక్కెంలా వంచిన 16 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగింటిని, అడుగున్నర పొడవున, బేస్ ప్లేటు రంధ్రాలకు సరిగ్గా సరిపడేలా కోసిన ప్లైవుడ్ ముక్కకు బిగించి నిలబెట్టాలి. బస్తా సిమెంటుకు బస్తాన్నర ఇసుక, మూడు బస్తాల 20 మిల్లీమీటర్ల కంకర చొప్పున, నీళ్ళు తగ్గించి కలిపి, కడ్డీతో పొడుస్తూ నింపాలి. బోల్టుల మర చుట్లకు గ్రీజు రాసి ప్లాస్టిక్ కాగితం చుట్టడం మరిచిపోతే తరువాత నట్టు ఎక్కదు. తడి గోనెసంచులు కప్పి పది రోజులు నీళ్ళు పట్టాలి. ఆ పది రోజులు ఓపిక పట్టలేకే చాలామంది కాళ్ళు ముందుగా నిలబెట్టి బోల్టులను కదిలిస్తారు.

కాళ్ళకు 75 మిల్లీమీటర్ల చదరపు జీఐ (జింకు పూత పూసిన ఇనుప) గొట్టం, 3 మిల్లీమీటర్ల మందంతో, కింద 10 మిల్లీమీటర్ల మందం, 200 మిల్లీమీటర్ల చదరం ఉన్న ప్లేటు తీసుకోవాలి. ప్లేటు కింద ఒక నట్టు, పైన ఒక నట్టు ఉంటే, కింది నట్టును తిప్పుతూ తూకపు గుండు చూసి కాలిని నిటారుగా తెచ్చుకోవచ్చు. నాలుగు కాళ్ళ తలలూ ఒకే మట్టానికి వచ్చాయో లేదో నీళ్ళ ట్యూబుతో చూసి, తాత్కాలికంగా కర్రలు ఊతం పెట్టి, అప్పుడే దూలాలు, ఆ పైన వాసాలు ఎక్కించాలి. బోల్టులన్నీ మొదట వదులుగా పెట్టి, చట్రం మొత్తం కుదిరాక ఎదురెదురు మూలలను వరుసగా బిగించాలి. ప్రతి కాలికీ దూలానికీ మధ్య రెండు వైపులా రెండడుగుల ఏటవాలు ఊతం (బ్రేసు) తప్పనిసరి. అది లేని పందిరి పైకి లేవకపోయినా పక్కకు ఒరుగుతుంది. చివరగా ప్లేటు కింది సందును గట్టి సిమెంటు మాలుతో నింపి, నీరు బయటికి జారేలా వాలు తీయాలి. ఇనుప కాలిని నేరుగా మట్టిలో పాతితే నేల, గాలి కలిసేచోట నాలుగైదు వానాకాలాలకే తుప్పు తినేస్తుంది.

ఉప్పుగాలి ముందుగా వెల్డింగు చోట్లనే పట్టుకుంటుంది, ఎందుకంటే ఆ వేడికి జింకు పూత కాలిపోతుంది. అక్కడ మామూలు ఎర్రటి అడుగుపూత, అంటే రెడాక్సైడు చాలదు. బూడిద గీకి జింకు ఎక్కువగా ఉన్న ప్రైమరు రెండు పూతలు వేయాలి. జీఐ వెల్డింగు నుంచి వచ్చే తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రికే చలిజ్వరం వస్తుంది గనుక ఆ పని ఆరుబయటే జరగాలి. గొట్టాల పైకొనలకు మూతలు, అడుగున నీరు కారే రంధ్రం ఉండాలి. పందిరికి దీపాలో ఫ్యానో పెట్టదలచుకుంటే చట్రానికి ఎర్తింగు ఇప్పించిన తరువాతే వైరు లాగించాలి.

పనంతా జనవరి నుంచి మే లోపల ముగించుకుంటే అక్టోబరులో మొదలయ్యే తుఫానుల నాటికి కాంక్రీటు బాగా గట్టిపడుతుంది. పందిరి నిలిచిన వారానికి ఒకసారి, తరువాత ఏటా సెప్టెంబరులో ఒకసారి నట్లన్నీ పాన పెట్టి చూడాలి. ఎండ ఆపడానికి పందిరి మీద షేడ్ నెట్టు వేసుకుంటే దాన్ని మాత్రం తీగతో కుట్టకుండా ఊడదీయగలిగే కొక్కేలకు తగిలించుకుంటే, తుఫాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం ఇద్దరు మనుషులు పావుగంటలో దాన్ని చుట్టి లోపల పెట్టవచ్చు.