అమెరికాలో చిన్న షాపు, గుడి నడిపేవాళ్లు ఓవర్‌టైం ఎలా లెక్కకట్టాలి?

గ్యాస్ స్టేషన్, ఇండియన్ గ్రోసరీ నడిపే మనవాళ్ల దగ్గరా, గుడి కమిటీల్లోనూ ఒక మాట తరచూ వింటుంటాను: "నెల జీతం ఇస్తున్నాం కదా, ఇంక ఓవర్‌టైం ఎందుకు?" జీతం ఇచ్చినంత మాత్రాన ఓవర్‌టైం బాధ్యత పోదు.

ముందు చట్టం మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి. ఏడాదికి 5 లక్షల డాలర్ల వ్యాపారం ఉంటే ఓవర్‌టైం నియమాలున్న ఫెడరల్ చట్టం, అంటే 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ వర్తిస్తుంది. గుడికి వచ్చే విరాళాలు ఇందులో కలవవు, గిఫ్ట్ షాపు లాంటి అమ్మకాలు కలుస్తాయి. అంత వ్యాపారం లేకపోయినా, రోజూ వేరే రాష్ట్రాల నుంచి సరుకు ఆర్డర్ పెట్టే ఉద్యోగికి విడిగా రక్షణ ఉంటుంది.

తర్వాత ఆ ఉద్యోగికి ఓవర్‌టైం ఇవ్వక్కర్లేని మినహాయింపు ఉందేమో చూడండి. దానికి జీతం వారానికి కనీసం 684 డాలర్లు ఉండాలి. 2024లో ఈ మొత్తాన్ని పెంచారు కానీ, ఆ నవంబరులోనే టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ పెంపును కొట్టేసింది. జీతం ఒక్కటే చాలదు, పని కూడా మినహాయింపుకి తగినదై ఉండాలి. కౌంటర్‌లో బిల్లులు కొట్టే అబ్బాయిని మేనేజర్ అని పిలిస్తే సరిపోదు. మేనేజర్ అంటే అసలు పని నిర్వహణే అయి ఉండాలి, కనీసం ఇద్దరు ఫుల్‌టైం వాళ్లని నడిపించాలి, ఉద్యోగంలో పెట్టుకోవడం, తీసేయడంలో అతని మాటకి విలువ ఉండాలి.

ఇక లెక్క. గంటకి 16 డాలర్లు, వారంలో 48 గంటలు అనుకుందాం. 40 గంటలకి 640. మిగతా 8 గంటలకి ఒకటిన్నర రెట్లు, అంటే 24 చొప్పున 192. మొత్తం 832. ముందే మాటిచ్చిన 48 డాలర్ల బోనస్ కూడా ఆ వారానిదే అయితే, చాలామంది అది విడిగా ఇచ్చేసి ఊరుకుంటారు. అలా కుదరదు. 48 గంటలకి 16 చొప్పున 768, దానికి బోనస్ 48 కలిపితే 816, దాన్ని 48 గంటలతో భాగిస్తే గంటకి 17. ఓవర్‌టైం గంటల మామూలు జీతం 816లోనే వచ్చేసింది కాబట్టి, పైన ఇవ్వాల్సింది 17లో సగం, 8.50 చొప్పున 8 గంటలకి 68. 816తో కలిపి మొత్తం 884 డాలర్లు ఇవ్వాలి.

ఈ వారం 50, వచ్చే వారం 30 గంటలు చేస్తే సగటు 40 అని సరిపెట్టకండి. ఏ వారం లెక్క ఆ వారానిదే. డబ్బుకి బదులు ఇంకో వారం సెలవిస్తామన్నా చెల్లదు. గుడి వంటగదిలో జీతానికి చేసే ఆవిడ శనివారం అదే వంట సేవగా చేసినా, ఆ గంటలు కలపాల్సిందే. పాపం, కమిటీ అడిగితే ఆవిడ కాదనలేదు.

టైం కార్డులు 2 ఏళ్లు, జీతాల పుస్తకం 3 ఏళ్లు దాచండి. మీ రాష్ట్ర చట్టం కూడా చూడండి. కాలిఫోర్నియాలో అయితే సాధారణంగా రోజుకి 8 గంటలు దాటగానే ఓవర్‌టైం మొదలవుతుంది.