పసుపు కాగితం మీద ఎర్ర బొమ్మలు

ఒకటో, రెండో తరగతి పిల్లలకు సెలవు రోజున ఇది చేయించి చూడండి. చెంచాడు పసుపును పావు గ్లాసు నీళ్లలో కలిపి, తెల్ల డ్రాయింగ్ కాగితం నిండా దూదితో పూయండి. ఎండలో పెడితే పసుపు వెలిసిపోతుంది కాబట్టి నీడలోనే ఆరనివ్వండి. చిన్న గిన్నెలో కొంచెం నీళ్లు పోసి, అరచెంచా వంటసోడా కరిగించి, ఇయర్‌బడ్ ముంచి పిల్లల చేతికివ్వండి. గీసినచోటల్లా పసుపు గోధుమ ఎరుపులోకి తిరుగుతుంది. గీత తప్పిందని ఏడుపు మొహం పెడితే దాని మీద నిమ్మరసం చుక్క వేయమనండి. బుస్సుమని పొంగి మళ్లీ పసుపు రంగు వచ్చేస్తుంది! చెరిపే వీలుందని తెలిస్తే, భయపడుతూ గీసే పిల్లలు కూడా ధైర్యంగా గీస్తారు. నాకు బాగా నచ్చేది అదే.

పెళ్లిలో పాదాలకు పెట్టే పారాణి ఎర్రబడేదీ ఇలాగే, పసుపులో సున్నం కలిపినందుకు. పిల్లలకు మాత్రం సున్నం ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం. పసుపు మరక ఓ పట్టాన పోదు, పాత బట్టలే వేయండి.

ఏం గీయాలో మాత్రం మీరు చెప్పకండి. ఏనుగుకు ఆరు కాళ్లు పెట్టినా సరే, "ఇదెక్కడికి పోతోందిరా?" అని అడగండి చాలు.